మా బృందం తరఫున

“దోమల ఆఫీసు ఇదేనా సారూ?” అంటూ తలుపు సందులోంచి ఒక తల లోపలికి వచ్చింది, తల వెనక కిటికీ కొలతలు రాసుకున్న కాగితం పట్టుకున్న చెయ్యి వచ్చింది, ఆ వెనక తీరిగ్గా మనిషి వచ్చాడు. ఎదురుచూస్తున్నవాళ్లే వచ్చేశారేమోనని గబుక్కున లేచి చొక్కా సర్దుకున్న కృష్ణమోహన్, కాదని తెలిసి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

“దోమలు కాదండీ, డొమైన్లు. నేను డొమైన్ బ్రోకర్ని.”

“గవేం దోమలు? డెంగీవా?”

కింద వాచ్‌మన్‌కు తన వ్యాపారం పేరు ఒక్కసారే చెప్పాడు, అదీ మెట్రో రైలు నెత్తి మీద నుంచి పోతున్నప్పుడు. అప్పటినుంచీ దోమతెరలు కావలసిన ప్రతివాడినీ ఆ మహానుభావుడు మూడో అంతస్తుకు పంపిస్తున్నాడు. కృష్ణమోహన్ ఓపిగ్గా చెప్పాడు: ఇంటర్నెట్‌లో ఎవరు కొట్టు పెట్టినా దానికో పేరు కావాలి, ఒక పేరు ఒక్కరికే ఉంటుంది, మంచి పేర్లన్నీ ఎవరో ఎప్పుడో కొనేసి కూర్చున్నారు, వాటిని వాళ్ల దగ్గర అడిగి, కావలసినవాళ్లకు ఇప్పించడం తన పని. వచ్చినాయన అంతా విని, “అయితే నెట్ ఉన్నది గని దోమలకు కాదన్నట్టు” అని తేల్చి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన చెప్పుల చప్పుడు మెట్ల మీద సన్నగిల్లుతుంటే వెనక్కి పిలవాలనిపించింది కృష్ణమోహన్‌కు, పోనీ దోమల గురించే కాసేపు మాట్లాడుకుందాం రండి, మా గదిలోనూ ఉన్నాయి అని, ఎందుకంటే ఈ వారంలో ఎదుట నిలబడ్డ మనిషితో నోరు విప్పి మాట్లాడిన మాటలు అవే, మిగతావన్నీ వేళ్లతో టైపు కొట్టిన మాటలు, వేళ్లకు గొంతు ఉండదు, గొంతుకు పని ఉండదు, పొద్దున ఇడ్లీ బండి దగ్గర కూడా రెండు ఇడ్లీలకని రెండు వేళ్లు చూపిస్తే రెండు ప్లేట్లు అనుకుని అతగాడు రెండూ కట్టేశాడు, ఒకటి ఎవరికండీ అని అడిగే దిక్కు లేక రెండూ తనే తిన్నాడు. గడియారం చూసుకున్నాడు. వాళ్లు పన్నెండు దాటాక వస్తారు, శుక్రవారం కదా, అప్పటిదాకా రాహుకాలం. ఇంటర్నెట్‌కు రాహుకాలమేమిటి, అందులోనూ అమీర్‌పేటలో, ఇక్కడ రాహువు దిగితే ఆయన చేతిలోనూ ఓ కరపత్రం పెట్టి సాయంత్రం కంప్యూటర్ కోర్సు బ్యాచిలో చేర్చేస్తారు, కేతువును తీసుకొస్తే రాయితీ కూడా ఇస్తారు. కానీ ఆ వచ్చేవాళ్లలో పెద్దాయన రాజనర్సయ్య ఆ మాట మెయిల్లో గట్టిగా రాశాడు, రాహుకాలం పోయినంకనే వస్తం, మంచి పనికి మంచి గడియ చూడాలె కద బిడ్డా అని. బిడ్డా అన్నది కృష్ణమోహన్‌ను కాదు. అనుపమను. ఇబ్బందంతా అక్కడే ఉంది. అనుపమ లేదు.

అంటే ఉంది, మెయిళ్లలో ఉంది, సంతకంలో ఉంది, ‘మా బృందం తరఫున, అనుపమ’ అని. కిటికీలోంచి చూస్తే మైత్రీవనం గోడలనిండా ఒకదాని మీద ఒకటి బ్యానర్లు, కొత్త కోర్సు పాత కోర్సు మొహం మీద అంటించుకుని నవ్వుతోంది. వాటిల్లో ఒకదాని మీద పదిహేనేళ్లపాటు తన బొమ్మ ఉండేది, కృష్ణమోహన్ సార్, జావా. హాలు పట్టక మెట్ల మీద కూర్చుని రాసుకునేవాళ్లు పిల్లలు, మొదట్లో జావా చెప్పి బిర్యానీ తిన్నాడు, తర్వాత అందరూ ఫోన్లలోనే నేర్చేసుకోవడం మొదలుపెట్టాక జావా చెప్పి జావ తాగాడు, ఆ తర్వాత ఇన్‌స్టిట్యూటే మూతపడి జావ కూడా చల్లారింది. ఆ హాలులో రెండు వందలమంది ఉండేవారు, ఒక్కరి పేరూ తెలిసేది కాదు. ఇప్పుడు లాప్‌టాప్ నిండా రెండు వందల పేర్లున్నాయి, ఒక్క మనిషీ లేడు. పేర్లన్నీ అలా పేరుకుపోయాయి. పేరు మోసినవాడు కాలేకపోయాడు గాని పేర్లు మోసేవాడయ్యాడు. డాట్ కామ్‌లన్నీ కామ్‌గా పడి ఉన్నాయి, ఫోనూ కామే, గదీ కామే. దీన్నే పేరాశ అంటారు అంది భార్య మంజూష, ఈ వ్యాపారం సంగతి మొదటిసారి చెప్పినప్పుడు, ఇడ్లీ పిండి రుబ్బుతూ, వెనక్కి తిరక్కుండా. అప్పటికే విడిపోదామనుకున్నారు, గొడవేమీ లేదు, గొడవ పడాలన్నా ఇద్దరూ ఒక గదిలో కాసేపు ఉండాలి కదా, ఆమెకు బ్యాంకు, తనకు బ్యాచులు, ఒకరు లేచేసరికి ఒకరు పడుకునేవారు. సామాన్లు పంచుకున్నారు, ఆమె గ్రైండర్ తీసుకెళ్లింది, తన వాటాకు ఆ జోకు మిగిలింది. ఇప్పటికీ అందరికీ తన జోకులాగే చెబుతాడు. అందరికీ అంటే, చెప్పడానికి ఎవరైనా దొరికినప్పుడు.

పంజాగుట్టలో అద్దెకుండే గదిలో కూర్చుని వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో అందరికీ ‘నేను’ అని రాసేవాడు. నేను ఫలానా, మీ దగ్గర ఫలానా పేరు ఉందని తెలిసింది, నేను కొనిపించగలను. ఒక్కరూ జవాబివ్వలేదు. ‘నేను’ అంటే ఎవడో ఖాళీగా ఉన్నవాడు అనుకుంటారు, అది నిజమే గాని అలా అనుకుంటే నిజంగా ఖాళీ అయిపోతాం. అందుకని ఓ రోజు ‘నేను’ కొట్టేసి ‘మేము’ అని పెట్టాడు. రెండక్షరాలకు రెండక్షరాలే, కానీ జవాబులు రావడం మొదలయ్యాయి. మేము అన్నాక కొందరైనా ఉండాలి. అలా పుట్టాడు తారక్, న్యాయ వ్యవహారాలు చూసేవాడు, ముక్కోపి, ‘ఇందుమూలముగా’ లేనిదే నోరు తెరవడు. ఓ మంచి బేరాన్ని ఇందుమూలముగానే చెడగొట్టాడు. దాంతో కృష్ణమోహన్ వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశాడు, తీసేస్తూ ఓ వీడ్కోలు మెయిల్ రాశాడు, పంపడానికి చిరునామా లేక తనకే పంపుకున్నాడు, ఆ సాయంత్రం టీ తాగుతుంటే ఎందుకో దిగులేసింది, పాపం ఎక్కడ పని చూసుకుంటాడో అని. నవ్వొచ్చింది, నవ్వితే గదిలో ఇంకెవరో నవ్వినట్టు వినిపించి ఆగిపోయాడు. ఆ తర్వాత వచ్చింది అనుపమ. అనుపమ అంటే సాటిలేనిది, జీతమూ సాటిలేనిదే, సున్నాకు సాటి ఏముంటుంది. తారక్‌లా కాదు, నెమ్మది. అవతలి మనిషి ‘అమ్మను’ అంటే ‘పర్వాలేదండి, భోజనం చేశారా’ అనే రకం.

పెళ్లిళ్లు చేయించే ఓ పెద్ద కంపెనీకి ‘పందిరి’ అన్న పేరు కావలసి వచ్చింది. ఎవరు కొంటున్నారో అమ్మేవాడికి చెప్పకూడదు, అది ఈ వ్యాపారంలో మొదటి నియమం, చెబితే పేరు ధర పందిరిని దాటి ఆకాశాన్నంటుతుంది. వెతికితే ఆ పేరు ఎర్రమంజిల్ వైపు ఉండే రాజనర్సయ్య అనే పెద్దాయన దగ్గర తేలింది. ఒకప్పుడు టెంట్ హౌసు నడిపాడు, పందిరి టెంట్ హౌస్, చుట్టుపక్కల ఏ ఇంట శుభం జరిగినా గుంజలు ఆయనవే. నెట్ సెంటర్ పెట్టుకున్న దోస్తు ఒకాయన ఏదో సరదాకు ఆ పేరు మీద డాట్ కామ్ కొనిపెట్టాడు. తర్వాత ఫంక్షన్ హాళ్లు వచ్చాయి, కుర్చీలు, బల్లలు, జంపఖానాలు, గిన్నెలు అన్నీ అమ్ముడుపోయాయి, ఏడాదికోసారి గుర్తుపెట్టుకుని గడువు పొడిగిస్తూ వచ్చిన ఆ పేరు ఒక్కటే మిగిలింది. కృష్ణమోహన్ తన పేరుతో రాస్తే ‘అమ్మ’ అని రెండక్షరాల జవాబిచ్చాడు, అమ్మను అని దాని భావం, వింటే మాత్రం దెబ్బ తగిలి అమ్మా అన్నట్టే ఉంది. ఉద్యోగంలోంచి తీసెయ్యకముందు తారక్ చేత రాయిస్తే జవాబే లేదు. అనుపమ రాసింది: పందిరి వేసేటప్పుడు మొదటి గుంజ ఎక్కడ పాతుతారండీ, నాకు తెలుసుకోవాలని ఉంది అని. ఆ రాత్రే జవాబొచ్చింది, ఫోన్‌లో మాట్లాడుతూ పోతే అదే టైపు చేసుకున్న జవాబు, చుక్కా కామా లేకుండా ఏకధాటిగా, ఈశాన్యం మూల పాతుతం బిడ్డా దానికి పసుపు రాస్తం నవధాన్యం కడ్తం ఏయ్ టీవీ జర సౌండ్ తగ్గియ్ అని మధ్యలో ఇంటివాళ్లను కసిరిన కసురుతో సహా.

అప్పటినుంచీ రోజూ ఉత్తరమే. బేరం సంగతి ఎప్పుడో పక్కకు జరిగింది. ఎడమ మోకాలు నొప్పి అంటే అనుపమ సోమాజిగూడలో డాక్టరు దగ్గరికి వెళ్లమంది, మెట్లెక్కేటప్పుడు కుడికాలు ముందు, దిగేటప్పుడు ఎడమకాలు ముందు అని చెప్పింది, అది కృష్ణమోహన్ ఇంటర్నెట్‌లో గంటసేపు చదివి తెలుసుకున్న సంగతి. ఆయన తమ్ముడు పోయినరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రి బయట కూర్చుని రాస్తూనే ఉన్నాడు, అనుపమ ఒక్కొక్కదానికీ జవాబిస్తూనే ఉంది, ఆ రోజు కృష్ణమోహన్ అన్నం తినలేదు. ఆయన కూడా అడిగేవాడు, మీదే ఊరు బిడ్డా, ఏలూరు దగ్గరండి. అమ్మానాయన ఉన్నరా, లేరండి. పెండ్లి అయిందా, ఇప్పుడైతే ఏమీ లేదండి. ఏం కూర ఇష్టం, గుత్తివంకాయ. పుట్టిన తేదీ ఎప్పుడు, తేదీ చెప్పింది గాని ఏడాది చెప్పలేదు, ఆడపిల్ల కదా. అన్నీ తన సంగతులే, నిజాలే. ఒక్క అబద్ధం మీద అన్ని నిజాలు నిలబెట్టాడు, అది మంచి ఇంజినీరింగో కాదో తెలియదు. ఫోన్ మోగినప్పుడల్లా గుండె లేచి కూర్చునేది, తెరిస్తే ‘అనుపమ బిడ్డా’ అని ఉండేది, ఆ తర్వాత ఓ క్షణం మనసులో ఏదో చివుక్కుమనేది. అసూయ. తన జీతగత్తె మీద తనకే అసూయ. ఆమెకు రోజూ ఒకరు తిన్నవా అని రాస్తున్నారు. ఒకసారి ఉండబట్టలేక ‘మా కృష్ణమోహన్ గారు కూడా మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు’ అని రాయించాడు, అనుపమ చేత. ‘మంచిది’ అని వచ్చింది. అంతే. మంచిది.

బేరం కుదిరితే కంపెనీ నిలబడుతుంది, ఇంతదాకా వచ్చిన మొదటి బేరం ఇదే. కుదరకపోతే నెలాఖరుకు ఈ గది ఖాళీ చేసి, ఎవరో కుర్రాడు నడిపే ఇన్‌స్టిట్యూట్‌లో కెమెరా ముందు నిలబడి ఖాళీ గోడకు జావా చెప్పుకోవాలి. కుదిరితే మాత్రం? పేరు చేతులు మారిపోతుంది, ఇక ఆయనకు అనుపమకు రాసే పని ఉండదు. ఈ రెండో సంగతి గుర్తొచ్చినప్పుడల్లా లాప్‌టాప్ మూత వేసి మెట్రో రైళ్లు లెక్కపెట్టేవాడు. ప్రతి పేరుకూ తాళంచెవి లాంటి రహస్య కోడ్ ఒకటుంటుంది, అది పంపితే చాలు, పేరు ఇటు వచ్చేస్తుంది. చివరికి ఆయన అమ్మడానికి ఒప్పుకున్నాక, అది మెయిల్ చెయ్యండి అని రాసింది అనుపమ. తాళంచెవి గాలిల పంపుతరా బిడ్డా, నీ చేతికే ఇస్త, శుక్రవారం ఇంటోళ్లతోని వస్త అని ఆయన. అందరూ వస్తున్నారెందుకో అర్థం కాలేదు గాని, కోడ్ ఇవ్వడానికి కూడా ఊరేగింపుగా వచ్చే పాతకాలం మనిషి అనుకుని ఊరుకున్నాడు. ఊరుకున్నాక భయమేసింది. భయమేశాక సినిమావాళ్లుండే కృష్ణానగర్‌కు ఫోన్ చేశాడు.

భానుశ్రీ పావు తక్కువ పన్నెండుకు వచ్చింది. సినిమాల్లో గుంపులో నిలబడే అమ్మాయి, నర్సుగా నడిచింది, శవంగా పడుకుంది, ఎక్కువసార్లు పెళ్లికూతురి వెనక పళ్లెం పట్టుకుంది. ఒక పూట కాల్షీట్ అనే ఒప్పుకుంది. కుర్చీలో కూర్చుని, గదంతా ఒకసారి కలయజూసి, “క్యారెక్టర్ చెప్పండి సార్” అంది.

“అనుపమ. ఇక్కడ ఉద్యోగం. ఎక్కువ మాట్లాడకు. పెద్దాయన కోడ్ ఇస్తే తీసుకుని థాంక్సండీ అనాలి.”

“మంచిదా, చెడ్డదా?”

“చాలా మంచిది” అన్నాడు.

“ఎవరున్నారు సార్ ఆమెకు?”

కృష్ణమోహన్ జవాబు కోసం కిటికీలోకి చూశాడు. ఓ రైలు వెళ్లింది, కిటికీ తలుపు గజగజలాడింది. అడిగినవాళ్లు లేరు గనక ఆలోచించుకోలేదు గాని, ఆదివారాలు ఏం చేస్తుంది అనుపమ, పండక్కి ఎక్కడికి వెళ్తుంది, జ్వరమొస్తే మందుబిళ్ల ఎవరందిస్తారు, ఇవన్నీ తనకు తెలుసు, బాగా తెలుసు. భానుశ్రీ ఆయన మొహం చూసి ఇంక అడగలేదు. “సర్లెండి, కళ్లతో చేసేస్తా” అంది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. లిఫ్టు పొద్దుటినుంచీ పనిచేయడం లేదు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చుకుంటూ. కృష్ణమోహన్ ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా తలుపు దాకా పరుగెత్తి, “కుడికాలు ముందండీ, కుడికాలు!” అని కేకేశాడు.

“ఎరుకే సారూ” అంది కింది మలుపులోంచి ఆయాసపడుతున్న గొంతు. “అనుపమ చెప్పింది.”

రాజనర్సయ్య వచ్చాడు, తెల్ల చొక్కా, కండువా. వెనక ఆయన భార్య భూలక్ష్మి, చేతిలో పళ్ల సంచి, పూల పొట్లం. ఆ వెనక ముప్పై దాటిన ఓ ఆరడుగుల మనిషి ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతూ, నేల చూపులు చూస్తూ. “మా చిన్నోడు, చింటు” అన్నాడు రాజనర్సయ్య. చింటు తల ఇంకాస్త వంచాడు. నలుగురు కూర్చుంటే గది నిండిపోయింది, ఈ గది ఎప్పుడూ నిండలేదు, కృష్ణమోహన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, నిండిన గది ఇంత చిన్నదా అనుకున్నాడు. భూలక్ష్మి భానుశ్రీని కిందినుంచి పైదాకా చూసి, మొహమంతా నవ్వయి, “మెయిల్లల్ల చదివిపిచ్చుకున్న బిడ్డా. మా ముసలాయన నెల దినాల సంది నీ ముచ్చటే. కులం గిలం మాకేం పట్టింపు లేదు, మనిషి మంచిదైతే సాలు” అంటూ పూల పొట్లం విప్పి, “జర ఇటు తిరుగు, తలల వెడ్త” అంది.

భానుశ్రీ జడ మీద చెయ్యి వేసుకుని కృష్ణమోహన్ వైపు చూసింది. “సార్, ఇది సీన్‌లో లేదు” అంది మెల్లగా.

ఊరు, అమ్మానాన్న, కూర, తేదీ. ఒక్కొక్కటిగా కాదు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. పదిహేనేళ్లు రెండు వందలమందికి లాజిక్ చెప్పినవాడికి తట్టలేదు, ఈ దేశంలో ఏ ముసలాయనైనా పెళ్లికాని అమ్మాయిని పుట్టిన తేదీ అడిగితే కేకు కోయడానికి కాదని. కోడ్ చీటీ రాజనర్సయ్య చొక్కా జేబులోంచి కాస్త కనిపిస్తోంది, పైన పసుపు బొట్టు పెట్టి ఉంది. నోరు మూసుకుని ఉంటే అది రెండు నిమిషాల్లో చేతిలో పడుతుంది. భూలక్ష్మి చేతిలో మల్లెదండ గాల్లో ఆగి ఉంది. చింటు మొదటిసారి తలెత్తి భానుశ్రీని చూసి, సిగ్గుపడి నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఇక నోరు మూసుకోవడం కుదరలేదు.

“అమ్మా, పెట్టకండి. ఆ అమ్మాయి అనుపమ కాదు. కృష్ణానగర్ నుంచి నేనే పిలిపించాను. సినిమాల్లో చేస్తుంది. అనుపమ అంటూ ఎవరూ లేరు. మెయిళ్లన్నీ నేనే రాశాను.”

చింటు గట్టిగా ఊపిరి వదిలాడు, అది విచారమో విముక్తో తెలియలేదు. తర్వాత భూలక్ష్మికి నవ్వు మొదలైంది, మొదట ముక్కులోంచి, తర్వాత కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. “ఓ అయ్యో! గీ సారునా మనం కోడలు చేసుకుందామని వచ్చింది! నువ్వు సుత మంచిగనే ఎంచినవ్ పో!”

“నవ్వకు” అన్నాడు రాజనర్సయ్య. ఆయన చూపు కృష్ణమోహన్ మీంచి కదల్లేదు. “గుంజ గురించి అడిగింది?”

“నేనేనండి. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.”

“మా తమ్ముడు పోయిన దినం? పొద్దుందాక?”

“నేనేనండి.”

“ఆఫీసుల ఇంకెవరు లేరా? మా బృందం, మా బృందం అని రాస్తివి?”

“లేరండి. తారక్ అని ఒకడుండేవాడు. వాడూ నేనే. తీసేశాను.”

భూలక్ష్మి నవ్వు ఆగిపోయింది. రాజనర్సయ్య గదంతా చూశాడు, ఒక బల్ల, ఒక లాప్‌టాప్, ఇవాళ్టి కోసం కింది ఇన్‌స్టిట్యూట్ నుంచి తెచ్చిన కుర్చీలు. కుర్చీలు అద్దెకిచ్చి బతికిన మనిషి, ఏవి ఇంటివో ఏవి తెచ్చినవో ఆయనకు చెప్పక్కర్లేదు. బల్ల పట్టుకుని లేచాడు. జేబులో చీటీని లోపలికి నొక్కుకున్నాడు.

“కోడ్ ఇయ్యాల ఇయ్య. మస్తు కోపం మీదున్న. ఆడివిల్ల అనుకొని ఎన్ని చెప్పుకున్ననో నీకు ఎరుకేనా? ఇంట్ల సుత చెప్పనియి చెప్పిన.”

“తెలుసండి.”

“మోసమే కద ఇది?”

“మోసమేనండి.”

భూలక్ష్మి పళ్ల సంచి బల్ల మీద పెట్టింది. “అనుపమకని తెచ్చినం. తీస్కపోయి మేమేం చేస్కుంటం? నువ్వే ఉంచుకో.” మల్లెదండ మాత్రం కాసేపు ఆలోచించి భానుశ్రీ చేతిలో పెట్టింది. చింటు ఆ పిల్ల వైపు ఇంకోసారి చూసి, తల్లి చూడకముందే తల తిప్పుకున్నాడు.

రాజనర్సయ్య గుమ్మం దగ్గర ఆగాడు, వెనక్కి తిరక్కుండా, గోడ పట్టుకుని.

“ఇంటికి వొయ్యి తిట్టుకుంట మెయిల్ వెడ్త. పెద్దగనే వెడ్త, మొత్తం సదువు. అమ్ముడా లేదా తర్వాత చూద్దాం.” ఒక మెట్టు దిగి, మళ్లీ ఆగాడు. “జవాబు మాత్రం గా పిల్ల పేరు మీద రావద్దు, బృందం గిందం వద్దు. నీ పేరు మీదనే రావాలె. ఏం పేరన్నవ్ నీది?”